తుంగకు ఎదురెళ్తే మాల్గుడి

నచ్చిన సీరియల్ తీసిన ఊరును వెతుక్కుంటూ వెళ్లడం ఇప్పుడు ఒక రకం యాత్ర. ఐర్లండ్‌లో రాళ్ల నేల మీద ఒంటరిగా నిలబడ్డ ఒక ఇల్లు, కర్ణాటక మలెనాడు వానల్లో నానే ఒక పాత పెంకుటిల్లు, గోదావరి గట్టున కూలిపోయిన ఒక చెట్టు... ఇవన్నీ అలాంటి యాత్రాస్థలాలే. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం వాళ్లకు వీటిలో దగ్గరిది మాల్గుడి. దారి చూపించడానికి మన తుంగభద్ర ఉంది.

మంత్రాలయం స్నానఘట్టంలో భక్తులు దోసిట్లోకి తీసుకునే నీళ్లు చాలా ఊళ్లు చూసి వస్తాయి. పడమటి కనుమల్లో గంగామూల దగ్గర తుంగ, భద్ర విడివిడిగా పుడతాయి. తుంగ శృంగేరిని, తీర్థహళ్లిని, శివమొగ్గను తాకి, కూడలి దగ్గర భద్రతో కలుస్తుంది. అక్కడి నుంచి హొన్నాళి, హరిహర దాటి, హొసపేటె దగ్గర డ్యామ్‌లో కాసేపు ఆగి, హంపి బండల మధ్య నుంచి దూకి, కంప్లి, సిరుగుప్ప మీదుగా రాఘవేంద్రస్వామి పాదాల చెంతకు చేరుతుంది. అదే డ్యామ్ నుంచి దిగువ కాలువ, అంటే మనవాళ్లు పిలుచుకునే ఎల్లెల్సీ, ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు వస్తుంది. కాలువలో నీళ్లు తగ్గినప్పుడల్లా మన రైతు ఎగువకే చూస్తాడు.

ఆ ఎగువన, తీర్థహళ్లి తాలూకాలో ఆగుంబె అనే చిన్న ఊరుంది. యాభై దాటినవాళ్లలో చాలామందికి ఆ ఊరు చూడకుండానే తెలుసు. కాకపోతే వేరే పేరుతో తెలుసు. దూరదర్శన్‌లో ‘మాల్గుడి డేస్’ వచ్చిన రోజుల్లో, వీధికి ఒకటో రెండో టీవీలున్న కాలంలో, పక్కింటి వసారాలో కూర్చుని చూసిన వీధి అదే. హిందీలో వచ్చిన సీరియల్ అయినా మన వైపు పెద్దగా ఇబ్బంది పడలేదు. ఉర్దూ వినపడని వీధి ఆదోనిలో అరుదు, కన్నడం రాని వర్తకుడు మరీ అరుదు. బడికి ఎగనామం పెట్టడానికి తలనొప్పి తెచ్చుకునే స్వామి అనే పిల్లాడి కథకు అసలు భాషతో పనేముంది!

స్టేషన్‌తో మొదలైన ఊరు

మాల్గుడి ఏ పటంలోనూ లేదు. రచయిత ఆర్.కె.నారాయణ్ 1930లో బెంగళూరులో కూర్చుని రాయడం మొదలుపెట్టినప్పుడు ఆయన కళ్ల ముందుకు మొదట వచ్చింది ఒక చిన్న రైల్వే స్టేషన్. తర్వాత దాని చుట్టూ వీధులు, సరయూ నది, బడి, మిఠాయి కొట్టు ఒక్కొక్కటిగా చేరాయి. ఆ ఊరి తొలి నవల ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ 1935లో అచ్చయింది.

సినిమావాళ్లు ఆ ఊరిని మొదట వేరే చోటికి తరలించారు. దేవానంద్ ‘గైడ్’ (1965) నారాయణ్ నవలే. కానీ కెమెరా ఉదయ్‌పూర్, జైపూర్ వైపు వెళ్లింది. దక్షిణాది చిన్న ఊరు రాజస్థాన్ కోటలపాలైనందుకు నారాయణ్ నొచ్చుకుని, ఆ అనుభవం మీద వ్యంగ్యంగా ఒక వ్యాసమే రాశారు. ఊరు మారితే కథ మారిపోతుందని ఆయన బాధ.

ఇరవై ఏళ్ల తర్వాత మాల్గుడిని తిరిగి సొంత మట్టి మీదికి తెచ్చినవాడు కన్నడ నటుడు, దర్శకుడు శంకర్‌నాగ్. బళ్లారి ఆటోల వెనక ఇప్పటికీ బొమ్మగా కనిపించే ‘ఆటో రాజా’ ఆయనే. నిర్మాత టి.ఎస్.నరసింహన్, సంగీతం ఎల్.వైద్యనాథన్. టైటిళ్లలో గీతలు నారాయణ్ తమ్ముడు, కార్టూనిస్టు ఆర్.కె.లక్ష్మణ్‌వి. ఆగుంబెలో ఎక్కువ భాగం, దేవరాయనదుర్గ, బెంగళూరుల్లో కొంత చిత్రీకరించి 39 భాగాలు తీశారు. స్వామి తండ్రిగా గిరీశ్ కర్నాడ్, తల్లిగా వైశాలీ కాసరవళ్లి నటించారు.

స్వామిగా వేసిన పిల్లాడు మనకు పరాయివాడు కాదు. మాస్టర్ మంజునాథ్ ఆ తర్వాత కె.విశ్వనాథ్ ‘స్వాతికిరణం’ (1992)లో మమ్ముట్టి ఎదుట గంగాధరంగా నిలబడ్డాడు. గురువు అసూయకు బలైపోయిన ఆ బాలుణ్ని చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లు, అంతకు ఆరేళ్ల ముందు అతణ్నే చూసి కడుపుబ్బ నవ్వారు.

ఆ నవ్వు ఎలాంటిదో చెప్పడానికి ఒక్క కథ చాలు. ధైర్యం ముఖ్యమని తండ్రి పేపర్లో చదివి చెబుతాడు. అయితే ఈ రాత్రి ఆఫీసు గదిలో ఒంటరిగా పడుకో చూద్దాం అంటాడు. నాయనమ్మ పక్కలో తప్ప పడుకోని స్వామి వణుక్కుంటూ బెంచీ కింద దూరతాడు. అర్ధరాత్రి చీకట్లో ఏదో కదులుతుంది. దెయ్యమో, తేలో అనుకుని, ఎటూ చావే కదా అని దాని కాలు పట్టుకుని కొరుకుతాడు. అది దొంగ కాలు. తెల్లారేసరికి పిల్లాడు ఊరికి వీరుడు, పోలీసులకు ముద్దు. స్వామికి మాత్రం ఈ గొడవంతా పట్టదు. ఆ రాత్రి మళ్లీ నాయనమ్మ పక్కలో చేరతాడు. ఇందులో పగలబడి నవ్వించే మాట ఒక్కటీ లేదు. ఆ ఇల్లు, ఆ చీకటి, ఆ బెంచీ నిజమైనవిగా ఉన్నాయి కాబట్టే నవ్వొస్తుంది.

దొడ్డమనె గుమ్మంలో

ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. ఆగుంబెలో ఎవరినడిగినా చూపిస్తారు. పేరు దొడ్డమనె. వందేళ్లు దాటిన పెంకుటిల్లు. మధ్యలో ఆకాశానికి తెరుచుకున్న అంగణం, చుట్టూ నున్నగా అరిగిన కలప స్తంభాలు, వాటి వెనక వరండాలు, పైన మేడ. వాన పడితే నాలుగు చూర్ల నుంచీ నీళ్లు అంగణంలోకి ధారగా దిగుతాయి. మన పడమటి మండలాల్లో ఏడాది మొత్తానికి కురిసే వాన ఆరేడు వందల మిల్లీమీటర్లు. ఆగుంబెలో ఏడు వేలు దాటుతుంది. వాన చుక్క కోసం కప్పకు పెళ్లి చేసే ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లకు ఆ చూరు కింద కూర్చోవడమే ఒక వినోదం.

సీరియల్‌లో స్వామి పరుగెత్తిన వరండా ఇదే. అయితే దొడ్డమనెను మ్యూజియంలా తాళ్లు కట్టి పెట్టలేదు. మనుషులు కాపురముంటున్న ఇల్లది. ఇంటివాళ్లు దశాబ్దాలుగా దారినపోయే వాళ్లకు అన్నం పెడుతున్నారు, పడుకోవడానికి చోటిస్తున్నారు. ఎంత ఇవ్వాలమ్మా అని అడిగితే మీ ఇష్టం అంటారు. ధరల బోర్డు లేదు. మలెనాడు పద్ధతిలో వడ్డన. మిరియాల కషాయం గొంతు దిగేసరికి ఘాట్ రోడ్డు ప్రయాణపు అలసట పోతుంది.

షూటింగ్ రోజుల్లో ఆగుంబె వీధినంతా మాల్గుడిగా మార్చేశారు. అప్పుడు పెట్టిన బోర్డులు ఇప్పుడు అక్కడ లేవు. సెల్‌ఫోన్ దుకాణాలు, హోటళ్లు వచ్చాయి. అయినా పెంకుల కప్పులు, అరుగులు, వీధి చివర మొదలయ్యే అడవి అలాగే ఉన్నాయి. రాచనాగులకు, అంటే కింగ్ కోబ్రాలకు ఈ అడవి పేరుపడ్డది. పాముల శాస్త్రవేత్త రోములస్ విటేకర్ 2005లో ఇక్కడ పరిశోధన కేంద్రం పెట్టారు. సీరియల్ కోసం వెళ్లిన పర్యాటకుడు తిరిగొచ్చేటప్పుడు పాముల ముచ్చట్లు కూడా మోసుకొస్తాడు.

అరసాళులో ఛాయ్

మాల్గుడికి స్టేషన్ లేకపోతే ఎలా? శివమొగ్గ నుంచి తాళగుప్పకు వెళ్లే రైలు మార్గంలో అరసాళు అనే పల్లె స్టేషన్ ఉంది. సీరియల్‌లోని రైలు దృశ్యాలు ఇక్కడ తీశారు. మీటర్‌గేజి పోయి బ్రాడ్‌గేజి వచ్చాక పాత భవనం పాడుబడింది. దాన్ని కూల్చకుండా నైరుతి రైల్వేవాళ్లు బాగుచేయించి 2020లో మాల్గుడి మ్యూజియంగా తెరిచారు. బాగుచేసే పని అప్పగించింది ఎవరికో కాదు, శంకర్‌నాగ్ దగ్గర ఆ సీరియల్‌కు కళా దర్శకత్వం చేసిన జాన్ దేవరాజ్‌కే. సీరియల్ పాత్రలు, దృశ్యాలు లోపల బొమ్మలై కనిపిస్తాయి. పాత రైలుపెట్టెను టీ కొట్టుగా మార్చి ‘మాల్గుడి ఛాయ్’ అని పేరు పెట్టారు. రచయిత ఊహలో స్టేషన్‌గా మొదలైన ఊరు తొంభై ఏళ్లకు నిజంగానే ఒక స్టేషన్‌లో స్థిరపడింది.

శంకర్‌నాగ్ ఇదేమీ చూడలేదు. 1990 సెప్టెంబరు 30న దావణగెరె దగ్గర ఆనగోడు వద్ద రోడ్డు ప్రమాదంలో చనిపోయేనాటికి ఆయన వయసు 35.

రాళ్ల నేల మీద ముగ్గురు ఫాదరీలు

ఇలాంటి యాత్రకు ప్రపంచంలో పెద్ద ఉదాహరణ ఐర్లండ్‌లో ఉంది. బ్రిటన్‌లోని చానల్ 4లో 1995 నుంచి 1998 దాకా ‘ఫాదర్ టెడ్’ అనే హాస్య సీరియల్ వచ్చింది. మొత్తం 25 భాగాలే. క్రాగీ ఐలండ్ అనే లేని ద్వీపంలో ముగ్గురు పనికిమాలిన ఫాదరీలు, వద్దన్నా టీ తాగమని వెంటపడే ఒక వంటావిడ. కథంతా అంతే. రాసింది గ్రాహం లైన్‌హన్, ఆర్థర్ మాథ్యూస్. టెడ్‌గా వేసిన డెర్మట్ మోర్గన్ చివరి భాగం చిత్రీకరణ అయిన మర్నాడే, 1998 ఫిబ్రవరి 28న, 45 ఏళ్లకు గుండెపోటుతో పోయారు.

ఆ ఫాదరీల ఇల్లు క్లేర్ కౌంటీలో, కిల్నబోయ్ ప్రాంతంలో ఉన్న గ్లాన్‌క్విన్ అనే రైతు ఇల్లు. చుట్టూ బరెన్ అనే సున్నపురాతి నేల. చెట్టూ చేమా తక్కువ, కనుచూపు మేరా బూడిదరంగు పలకలు. ఆదోని కొండ కింద పెరిగినవాళ్లకు రాళ్లు కొత్త కాదు గానీ, మనవి గుండ్రాళ్లు, వాళ్లవి పరుపు రాళ్లు. లోపలి దృశ్యాలు చాలావరకు లండన్ స్టూడియోలో తీశారు కాబట్టి, తలుపు తీస్తే టీవీలో చూసిన గది ఉండదు. అయినా జనం మానలేదు. ఇంటివాళ్లు చివరికి ముందుగా చెప్పి వచ్చేవాళ్లకు టీ, ఇంట్లో కాల్చిన కేకులు పెట్టడం మొదలుపెట్టారు. సీరియల్‌లో టీ పోసి పోసి నవ్వించిన వంటావిడ పాత్రకు ఇంతకంటే మర్యాద ఏముంటుంది?

పక్కనే కిల్ఫెనోరా, ఎన్నిస్టైమన్ వీధులు, సీరియల్‌లో ‘మహా చీకటి గుహలు’గా చూపించిన ఎల్వీ గుహ కూడా యాత్రలో భాగమే. టైటిళ్లలో ఆకాశం నుంచి కనిపించే ద్వీపం ఇనిషీర్. 1960లో తుపానుకు ఒడ్డెక్కి తుప్పు పట్టిన ప్లాసీ అనే ఓడ ఇప్పటికీ అక్కడే ఉంది. 2007లో పక్క ద్వీపం ఇనిష్‌మోర్‌లో అభిమానులు టెడ్ ఫెస్ట్ అనే జాతర పెట్టారు. దాంతో అసలు క్రాగీ ఐలండ్ మాదంటే మాదని రెండు ద్వీపాలకూ తగువొచ్చింది. ఆ తగువు తీర్చుకోవడానికి ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడారు. ఇనిష్‌మోర్ గెలిచి ఆ ఏడాదికి పేరు పట్టుకుపోయింది. లేని ఊరి కోసం ఉన్న ఊళ్లు కొట్లాడటమన్నది ఆ సీరియల్‌లో రాసుకోదగ్గ కథే.

మన గట్టున ఏమైంది

తెలుగు టీవీలో అంత ముద్దుగా మిగిలిన హాస్య సీరియల్ అంటే 2001లో మొదలైన ‘అమృతం’. కానీ అది హైదరాబాద్ అద్దె ఇంటి కథ. ఇంటి ఓనరు అప్పాజీ చేతిలో నలిగిన ఇద్దరు మిత్రుల గోల. పల్లెను వెతుక్కుంటూ వెళ్లాలంటే సినిమానే గతి, సినిమా అంటే గోదావరే.

కొవ్వూరు దగ్గర కుమారదేవంలో ఏటి గట్టున ఒక నిద్రగన్నేరు ఉండేది. ‘పాడిపంటలు’ మొదలు ఎన్నో సినిమాలు దాని నీడలో తీశారు. ఊరివాళ్లు దాన్ని సినిమా చెట్టు అనేవారు. దాదాపు 150 ఏళ్ల వయసున్న ఆ చెట్టు వరదకు గట్టు కోతపడి 2024 ఆగస్టు 5న కూలిపోయింది. జనం ఇంటి మనిషి పోయినట్టు వచ్చి చూశారు, సెల్ఫీలు దిగారు. తర్వాత స్థానికులు పట్టుబట్టి మందులు పెట్టి మోడును చిగురింపజేశారు. గట్టుకు రాతికట్టు చెట్టు కూలకముందే ఉండాల్సింది.

మన జిల్లా సంగతి ఇంకో తీరు. కర్నూలు కొండారెడ్డి బురుజు పేరు ‘ఒక్కడు’ (2003)తో రాష్ట్రమంతా మారుమోగింది. బస్సు దిగిన కుర్రవాళ్లు నేటికీ మహేశ్‌బాబు ఎక్కడ నిలబడ్డాడని అడుగుతారు. పదిహేడేళ్లకు ‘సరిలేరు నీకెవ్వరు’ కోసం అదే బురుజును రామోజీ ఫిల్మ్‌సిటీలో సెట్టుగా కట్టారు. అసలు బురుజు కర్నూలులోనే ఉంది, ఫొటో దిగి పోయేవాళ్లే తప్ప అక్కడ ఆగి టీ తాగేంత పని ఎవరూ కల్పించలేదు.

మంత్రాలయం వైపు కెమెరా వచ్చినప్పుడు భక్తికే వచ్చింది. రాజ్‌కుమార్ కన్నడ ‘మంత్రాలయ మహాత్మె’ (1966), రజనీకాంత్ వందో సినిమా ‘శ్రీ రాఘవేంద్రర్’ (1985) రెండూ రాఘవేంద్రస్వామి కథలే. మిగతా సీమ మొత్తానికి తెర మీద దక్కింది బాంబులు, సుమోలు, వేటకొడవళ్లు. ‘ప్రేమించుకుందాం రా’, ‘సమరసింహారెడ్డి’ కాలం నుంచి ఆ ముద్ర పోలేదు. పత్తి గింజ ధర గురించి ఆదోని మార్కెట్ యార్డులో రైతుకూ దలారీకీ మధ్య నడిచే వెటకారం వినని రచయిత, మన వాళ్లు నవ్వరనే అనుకుంటాడు.

విచిత్రం ఏమిటంటే, ఆ ముద్రనే తిరగేసి నవ్వించిన సినిమా కూడా సీమ మీదే వచ్చింది. రాజమౌళి ‘మర్యాద రామన్న’ (2010)లో పగవాడి కొడుకు చేతికి చిక్కుతాడు గానీ, ఇంటి గడప లోపల ఉన్నంతసేపు వాణ్ని చంపకూడదు. అతిథి మర్యాద అడ్డం. 1923 నాటి బస్టర్ కీటన్ మూకీ చిత్రం ‘అవర్ హాస్పిటాలిటీ’ దానికి మూలం. అమెరికా పగ సీమ గడపకు అంత చక్కగా అతికిందంటే, ఇక్కడ వచ్చినవాడికి ముందు అన్నం పెట్టడం నిజం కాబట్టే.

‘సినిమా బండి’ (2021) మరో మెట్టు. ఆటోలో దొరికిన ఖరీదైన కెమెరాతో ఊరంతా కలిసి సినిమా తీద్దామనుకునే కథ. ఆంధ్ర-కర్ణాటక సరిహద్దు పల్లెలో, ఆ పల్లె యాసతోనే ప్రవీణ్ కంద్రేగుల తీశారు. ఒక్క బాంబూ పేలలేదు, ప్రపంచమంతా చూసింది.

తలుపు తీసి ఉంచేవాళ్లు కావాలి

ఈ ఊళ్లన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది ఒకటే. సీరియల్ ఊరికి పేరిస్తుంది, ఆ తర్వాత ఊరిని నిలబెట్టేది తలుపు తీసే మనిషి. గ్లాన్‌క్విన్‌లో టీ పోసే ఇల్లుంది, ఆగుంబెలో అన్నం పెట్టే ఇల్లుంది, అరసాళులో పాత గోడ విలువ తెలిసిన రైల్వే అధికారి ఉన్నాడు. కుమారదేవంలో అభిమానం దండిగా ఉన్నా గట్టును చూసుకునే నాథుడు లేడు.

ఈ లెక్కన మన వైపు సగం పని అయిపోయినట్టే. వచ్చినవాణ్ని దింపుకుని, పడుకోబెట్టి, కడుపు నింపి పంపడం మంత్రాలయానికి రోజువారీ పని. లేనిదల్లా కథ. ఎమ్మిగనూరు మగ్గాల సందుల్లో, కోసిగి వలస బండ్ల దగ్గర, ఆలూరు సంతలో, తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడే మనుషుల మధ్య ఓ మాల్గుడికి సరిపడా సరుకుంది. వెబ్ సిరీస్‌లు తీసే కుర్రవాళ్లు సీమకు వస్తూ వేటకొడవళ్లు ఇంట్లో పెట్టి రావాలి. జిల్లా యంత్రాంగం చేయాల్సింది తక్కువే: ఏ సినిమా ఎక్కడ తీశారో చెప్పే బోర్డు, నీడ, మంచినీళ్లు, ఒక మరుగుదొడ్డి.

ఈలోగా వెళ్లదలచినవాళ్లకు దారి సులువు. ఆదోని నుంచి ఆలూరు మీదుగా బళ్లారి, అక్కడి నుంచి చిత్రదుర్గ, శివమొగ్గ, తీర్థహళ్లి. ఉడుపి కృష్ణుణ్ని చూడబోయే మఠం భక్తులకు, శృంగేరి యాత్రికులకు ఆగుంబె దాదాపు దారిలోనే పడుతుంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. వాన కోసమే వెళ్తే జులైలో వెళ్లండి, జలగలకు సిద్ధపడండి. అరసాళుకు శివమొగ్గ నుంచి ఒక పూట చాలు. దొడ్డమనెకు మాత్రం ముందుగా కబురు పెట్టి వెళ్లండి, అది హోటల్ కాదు. అడగకుండా గదుల్లోకి తొంగిచూడకండి. భోజనం అయ్యాక డబ్బు వాళ్లు అడగరు, మీరే గుర్తుపెట్టుకుని ఇచ్చి రండి.